మహాలక్ష్మి రేస్‌కోర్సులో గన్స్ ఎన్ రోజెస్: ఎక్కడ బస చేయాలి, ఎక్కడ నిలబడాలి

పాత రాక్ బృందాలను ఎదురుగా చూడాలనుకునేవాళ్లు ఏళ్ల తరబడి వాయిదా వేసుకోవడానికి వీల్లేదు. 2012 డిసెంబరులో అమెరికన్ రాక్ బృందం గన్స్ ఎన్ రోజెస్ బెంగళూరు, ముంబయి, గుర్‌గావ్‌లలో వాయించినప్పుడు గాయకుడు ఆక్సల్ రోజ్ వచ్చాడు గాని, గిటారిస్టు స్లాష్, బేస్ గిటారు వాయించే డఫ్ మెక్‌కేగన్ అప్పుడు బృందంలో లేరు. అందుకే నేను వెళ్లలేదు. వాళ్లిద్దరూ 2016లో తిరిగి చేరాక, ముగ్గురూ కలిసి మన దేశానికి వచ్చే రోజు కోసం తొమ్మిదేళ్లు ఎదురుచూశాను. ఆ రోజు 2025 మే 17న, ముంబయి మహాలక్ష్మి రేస్‌కోర్సులో వచ్చింది. అప్పటికి ఆక్సల్‌కు 63 ఏళ్లు, డఫ్‌కు 61, స్లాష్‌కు 60 నిండవస్తున్నాయి.

శుక్రవారం మధ్యాహ్నం నాంపల్లిలో హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, శనివారం తెల్లవారుజామున దాదర్‌లో దిగాను. రేస్‌కోర్సుకు దగ్గరగా ఉంటుందని లోయర్ పరేల్‌లో ఒక గది ఆన్‌లైన్‌లో ముందే తీసుకుని, డబ్బు కూడా కట్టాను. తీరా వెళ్తే, ఆ పేరుతో గదేదీ లేదని కౌంటరులోని మనిషి తల అడ్డంగా ఊపాడు. డబ్బు వెనక్కి రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ ఉదయం బ్యాగు భుజాన వేసుకుని మళ్లీ దాదర్ వచ్చి, స్టేషనుకు తూర్పున ఒక పాత లాడ్జిలో దిగాను. గది చిన్నది, ఏసీ లేదు, కాని దుప్పట్లు ఉతికినవి, నీళ్లు ధారాళంగా వచ్చాయి, రాత్రి ఎంత ఆలస్యమైనా తలుపు తీస్తామని ముందే మాటిచ్చారు. కచేరీకి వెళ్లేవాడికి ఈ మూడో సౌకర్యం ఏసీ కంటే విలువైనది. పైగా మాటుంగా ఉడిపి హోటళ్లు నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నాయి కనుక ఇడ్లీకి, ఫిల్టరు కాఫీకి లోటు రాలేదు.

దాదర్ నుంచి స్లో లోకల్ ఎక్కితే ప్రభాదేవి, లోయర్ పరేల్ దాటాక మూడో స్టేషనే మహాలక్ష్మి. ఫాస్ట్ లోకళ్లు అక్కడ ఆగవు, చూసి ఎక్కాలి. దారిలో అద్దాల మేడల నడుమ ఇంకా నిలిచి ఉన్న పాత మిల్లు పొగగొట్టాలు కనిపించాయి. తెలంగాణ నుంచి వలస వచ్చిన మన నేత కార్మికులు తరతరాలుగా బతికింది ఈ పరేల్, వర్లీ మిల్లుల మీదనే కనుక, ఆ గొట్టాలను చూసినప్పుడు కాసేపు కచేరీ మాట మరచిపోయాను. కచేరీనాటికి ఇక్కడ లేని మెట్రో ఇప్పుడు వచ్చింది. 2025 అక్టోబరులో మూడో లైను పూర్తిగా తెరుచుకున్నాక మహాలక్ష్మికి భూగర్భ స్టేషను కూడా ఏర్పడింది.

నేను ఇంతకు ముందు 2007 మార్చిలో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్ మైదానంలో ఐరన్ మెయిడెన్ బృందాన్ని, 2019 డిసెంబరులో నవీ ముంబయి డి.వై. పాటిల్ స్టేడియంలో యూటూ బృందాన్ని చూశాను. స్టేడియంలో కూర్చోవడానికి కుర్చీ ఉంటుంది, దారి తప్పే భయం ఉండదు, కాని పై వరుసల్లో గిటారు మాట కాంక్రీటుకు తగిలి చెదిరిపోతుంది. మైదానంలో ఆ ప్రతిధ్వని లేదు. అయితే రేస్‌కోర్సు నేల చదునుగా ఉంటుంది కనుక పొడవు తక్కువైనవాళ్లకు ముందు నిలబడినవాళ్ల వీపులే కనిపిస్తాయి.

అందువల్ల టికెట్టు విషయంలో నా అభిప్రాయం స్పష్టం. వేదిక ముందరి ఖరీదైన ఆవరణ కోసం అదనంగా డబ్బు పెట్టనవసరం లేదు. ధ్వనిని సరిచూసే ఇంజనీరు తన మిక్సింగ్ కన్సోల్ పెట్టుకుని కూర్చునే చోటు మైదానం మధ్యలో ఉంటుంది. అతని చెవికి ఎలా వినిపిస్తే అలాగే పాట తూకం కుదురుస్తాడు గనుక, ఆ కంచెకు ఆనుకుని నిలబడినవాడికే నాలుగు వాద్యాలూ విడివిడిగా వినిపిస్తాయి. మరీ వెనక్కి పోకూడదు. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లే పోతుంది కాబట్టి, 100 మీటర్ల వెనుక ఉన్నవాడికి వేదిక నుంచి వచ్చే డ్రమ్ము దెబ్బ, పెద్ద తెర మీద కర్ర డ్రమ్మును తాకడం కనిపించిన తర్వాత సెకనులో దాదాపు మూడో వంతుకు అందుతుంది. మధ్యలో నిలబెట్టే స్పీకరు స్తంభాలు దూరానికి శబ్దబలాన్ని ఇస్తాయి గాని, కంటికీ చెవికీ మధ్య ఉన్న ఈ ఎడాన్ని పూడ్చలేవు.

ఆక్సల్ గొంతు గురించి నిజాయితీగా చెప్పాలి. 1987లో వచ్చిన తొలి ఆల్బమ్ అపెటైట్ ఫర్ డిస్ట్రక్షన్‌లోని పై స్థాయి స్వరాలు ఇప్పుడు సన్నబడ్డాయి, కొన్నిచోట్ల ఊపిరి అందక చరణం చివర తేలిపోయింది. మంద్రంలో మాత్రం ఆ గొంతు ఇంకా గరుకుగా, బరువుగా నిలిచింది. నవంబర్ రెయిన్ పాటకు అతను పియానో ముందు కూర్చున్నప్పుడు చుట్టూ ఉన్న జనం గొంతు కలిపి పై స్వరాలను తామే మోశారు. స్లాష్ చేతికి మాత్రం వయసు రాలేదు. ఆ పాట చివర గిటారు ఒక్కటే ముందుకొచ్చే సోలోలో పెద్ద తెర మీద అతని ఎడమ చేతిని దగ్గరగా చూపించారు: ఉంగరపు వేలు తీగను పైకి నెట్టి పట్టుకుని, దించకుండా అక్కడే సన్నగా వణికించింది, స్వరం ఆరిపోబోతూ మళ్లీ లేచింది. ఈ ఒక్క క్షణం కోసం వచ్చానన్నా తప్పులేదు. ఆ ఏడాదే చేరిన డ్రమ్మర్ ఐజాక్ కార్పెంటర్ పాత పాటల లయను ఎక్కడా జారనివ్వలేదు.

సేవల మాటకొస్తే, ఆరుబయట రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకర్లకు అనుమతి ఉండదు కనుక మన దగ్గర ఇలాంటి కచేరీలకు ఎండ ఉండగానే చేరుకోవాలి. మే నెల ముంబయి ఉక్కలో అది కష్టం. సీసాలు గేటు దగ్గరే తీసేసుకున్నారు. లోపల నీళ్ల కోసం అరగంట వరుసలో నిలబడ్డాను, నా ముందున్న పెద్దాయన కళ్లు తిరిగి కూర్చుండిపోయారు. ఇంత డబ్బు పెట్టి వచ్చిన మనుషులకు తాగునీరు చేతికి అందేలా ఏర్పాటు చేయకపోవడం క్షమించదగిన లోపం కాదు. కడుపు నిండా నీళ్లు తాగి లోపలికి వెళ్లండి, చెవులకు ఇయర్‌ప్లగ్గులు పెట్టుకోండి.

కచేరీ అయ్యాక ట్యాక్సీలు మీటరు వేయలేదు, అడిగినంత ఇవ్వమన్నారు. నేను గుంపుతోపాటు స్టేషను వైపు నడిచాను. ధోబీ ఘాట్ వంతెన మీద, తండ్రి భుజం మీద తల వాల్చిన ఒక పదేళ్ల పాప ఆ బృందం పాట స్వీట్ చైల్డ్ ఓ మైన్ మొదటి గిటారు వరుసను నిద్రమత్తులోనే ముక్కుతో పాడుతోంది. లోకల్ వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద పదిమంది ఆ వరుసనే అందుకున్నారు.