సూటిగా పాడించడమా, కలిపి పాడించడమా

మనుషుల మధ్య గోడల గురించి సంగీత నాటకం రాసేవారి ముందు రెండు దారులున్నాయి.

ఒకటి, చెప్పదలచినది పాత్ర చేత సూటిగా పాడించడం. 1949లో న్యూయార్క్ నాటకరంగమైన బ్రాడ్‌వేకి వచ్చిన ‘సౌత్ పసిఫిక్’ అనే సంగీత నాటకంలో ఒక యువ సైనికాధికారి, జాతిద్వేషం పుట్టుకతో రాదనీ, నేర్పితేనే వస్తుందనీ పాడతాడు. ఆ పాట తీసేయమని ఒత్తిడి వచ్చినా రచయితలు తలొగ్గలేదు. ఆ ధైర్యానికి చేతులెత్తి నమస్కరిస్తాను. పైగా అది ఉపన్యాసం కాదు. ప్రేమించిన వేరే జాతి అమ్మాయిని పెళ్లాడలేకపోతున్న బాధలోంచి వచ్చిన కోపం. ఆ గాయం లేకుంటే సూటి పాట ఒట్టి నీతిబోధ.

రెండోది, వైరివర్గాలను ఒకే పాటలో నిలబెట్టడం. 1957 నాటి ‘వెస్ట్ సైడ్ స్టోరీ’లో కొట్లాటకు ముందు రెండు ముఠాలూ, ప్రేమికులూ ఒకే రాత్రి కోసం ఎదురుచూస్తూ పాడతారు. ఎవరి ఆశ వారిదే, స్వరాలు మాత్రం అల్లుకుపోతాయి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే గందరగోళం. పాడితే రెండు గొంతులూ వినిపిస్తాయి. మాటల నాటకానికి ఈ బలం లేదు.

నేను రెండో దారినే ఎంచుకుంటాను. అయితే ఎదుటి వర్గానికీ అంతే అందమైన బాణీ కట్టాలి. వెక్కిరింపు బాణీ వినగానే సగం మంది ప్రేక్షకుల మనసు మూసుకుపోతుంది. సూటి పాట ఒక్కటి చాలు, అదీ పాత్ర ఏదో పోగొట్టుకున్న తర్వాతే.