మాటిమాటికీ చెవిపోటు: మందులా, ట్యూబులా?

పిల్లలకు జలుబు చేసిన కొద్ది రోజులకే చెవిపోటు రావడానికి కారణం ఉంది. ముక్కు వెనక భాగాన్ని మధ్యచెవితో కలిపే గొట్టం వాళ్లకు పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబుకు అది వాచి మూసుకుపోతే లోపల నీరు నిలిచి చీము పడుతుంది. 6 నెలల్లో 3 సార్లు, లేదా ఏడాదిలో 4 సార్లు ఇలా వస్తే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. వచ్చినప్పుడల్లా యాంటీబయాటిక్ వాడాలా, లోపలి నీరు బయటికి పోయేలా చిన్న ఆపరేషన్‌తో కర్ణభేరిలో (చెవి లోపలి పొరలో) సన్నని ట్యూబులు పెట్టించాలా?

ఆపరేషన్ చేస్తే ఇక రాదని చాలామంది అనుకుంటారు. 2021లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 6 నుంచి 35 నెలల పిల్లలను రెండేళ్లు గమనించారు. ట్యూబులు పెట్టినవాళ్లకూ, మందులతో సరిపెట్టినవాళ్లకూ ఏడాదికి సగటున ఒకటిన్నర సార్లే ఇన్ఫెక్షన్ వచ్చింది. తేడా లేదనే చెప్పాలి. వయసు పెరిగేకొద్దీ ఈ బాధ చాలామందికి దానంతటదే తగ్గుతుంది కూడా.

అందుకే నేను అడగమనేది ఒక్కటే ప్రశ్న: నొప్పి లేని రోజుల్లో చెవిలో నీరు ఉందా? అప్పుడు చెవి శుభ్రంగా ఉంటే మందులే మేలు. రెండేళ్లు దాటిన పిల్లల్లో జబ్బు తీవ్రంగా లేకపోతే, నొప్పికి మందు ఇస్తూ రెండు మూడు రోజులు చూసి, అప్పటికీ తగ్గకపోతేనే యాంటీబయాటిక్ మొదలుపెట్టొచ్చు. ఇది డాక్టర్‌తో మాట్లాడి తీసుకోవాల్సిన నిర్ణయం. ఇన్ఫెక్షన్ రాకుండా ముందుజాగ్రత్తగా నెలల తరబడి యాంటీబయాటిక్ ఇవ్వడం మాత్రం వద్దు.

రెండు చెవుల్లోనూ నీరు 3 నెలలకు పైగా నిలిచి, వినికిడి తగ్గితే నేను ట్యూబుల వైపే మొగ్గుతాను. మాటలు నేర్చే వయసులో సరిగా వినపడకపోవడం చిన్న విషయం కాదు. కాసేపు మత్తు ఇచ్చి పెడతారు. సాధారణంగా 6 నుంచి 18 నెలల్లో వాటంతటవే ఊడిపోతాయి. ఆలోగా చెవి కారితే చాలాసార్లు చుక్కల మందే సరిపోతుంది. కొందరికి మాత్రం కర్ణభేరిలో చిన్న రంధ్రం మిగిలిపోవచ్చు.

ఏ దారి ఎంచుకున్నా ఇంట్లో పొగతాగడం మానాలి, న్యుమోకాకల్ టీకా (చెవి ఇన్ఫెక్షన్ తెచ్చే ఒక బ్యాక్టీరియాను అడ్డుకునేది) వేయించాలి, పడుకోబెట్టి పాలసీసా ఇవ్వకూడదు.

పెద్దవాళ్ల సంగతి వేరు. బయటి చెవిలో మళ్లీ మళ్లీ ఇన్ఫెక్షన్ వస్తుంటే ముందు ఇయర్‌బడ్స్‌తో తిప్పడం ఆపండి. దుర్వాసనతో చీము కారుతుంటే, షుగర్ ఉండి చెవినొప్పి తీవ్రంగా ఉంటే, ఒకే చెవిలో నీరు చేరి వారాలు గడిచినా పోకపోతే మందుల షాపులో చుక్కలు కొనుక్కుని సరిపెట్టుకోకండి. ఈఎన్‌టీ డాక్టర్ చెవితోపాటు ముక్కు వెనక భాగం కూడా చూడాలి, ఎందుకంటే అరుదుగా అక్కడ గడ్డ ఉన్నా ఒక చెవిలోనే నీరు చేరుతుంది.