ముసురు రోజుల్లో సంటిపాపకు లంగోటీయా, డైపరా: ఏది మేలు?

భాద్రపదం వెళ్ళి ఆశ్వయుజం వచ్చిందంటే మా విజయనగరంలో చంటిపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఒకటే అవస్థ. దండెం నిండా గుడ్డలే, పిల్లకి కట్టడానికి మాత్రం ఆరింది ఒక్కటీ ఉండదు. మా వీధిలో పురిటికొచ్చిన ఆడపిల్లలు, రాజాంలో ఉన్న మా పిన్ని కూతురు, ఆఫీసులో పక్క కుర్చీ అమ్మాయి, అందరూ అడిగేది ఇదే: "అక్కా, లంగోటీలు కట్టమంటావా, డైపర్లు వేసీమంటావా?" మా రెండో పాపకి ఇప్పుడు నాలుగో నెల. ఈ వానాకాలమంతా దాని గుడ్డలతోనే గడిచింది కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

పోటీలో ఉన్నవి మూడు. పాత చీరలు, పంచెలు చింపి కట్టే లంగోటీలు. వాడి పారేసే డైపర్లు. ఈమధ్య ఆన్‌లైన్‌లో బాగా అమ్ముతున్న, ఉతికి మళ్ళీ వాడుకునే క్లాత్ డైపర్లు. మెత్తదనం, ఖరీదు, చెత్త, వీటి గురించి అందరూ మాట్లాడతారు. నేను ముందు చూసేది మాత్రం ఆరడం. మన జిల్లాల్లో సెప్టెంబరు నుంచి నవంబరు మొదటి వారం దాకా ఆ ఒక్కటీ తేలితే మిగతావన్నీ వాటంతటవే తేలతాయి.

లెక్క చూడండి. రెండు మూడు నెలల పిల్ల రోజుకి పన్నెండు నుంచి పదిహేనుసార్లు తడుపుతుంది. ఎండ కాసే రోజున పల్చటి గుడ్డ రెండు మూడు గంటల్లో ఆరిపోతుంది, కాబట్టి ఇరవై గుడ్డలుంటే తిప్పుకోవచ్చు. ముసురు పట్టి ఒక్కోటీ ఆరడానికి రెండు రోజులు తీసుకుంటే, ఆరుతున్న రెండు రోజులవీ, వాడుతున్న రోజువీ కలిపి అదే పిల్లకి నలభై అయిదు కావాలి. చాలామంది ఇరవైతో మొదలెట్టి, వాన పట్టగానే "గుడ్డలు మనవల్ల కాదు" అని వదిలేస్తారు. గుడ్డల తప్పేమీ లేదు, సంఖ్య చాలలేదు అంతే.

రెండోది, గుడ్డ మందం. పాత పంచె ముక్కని నాలుగు మడతలు వేసి కడతాం. ఉతికాక విప్పి ఆరేస్తే అది మళ్ళీ ఒంటిపొర గుడ్డే. ఫ్యాను కింద పెట్టినా ఒక పూటలో పొడిబారుతుంది. కట్టేటప్పుడు మందం, ఆరేటప్పుడు పల్చన. పురిటికి ముందు కొట్లో కొనుక్కొచ్చే నాడాల లంగోటీలకి ఈ గుణం సగమే ఉంటుంది. రెండు పొరలు కలిపి కుట్టేసి ఉంటాయి, నాడా ముడి దగ్గర తడి అలాగే నిలిచిపోతుంది. క్లాత్ డైపర్‌లో పెట్టే ప్యాడ్ అయితే మూడు నాలుగు పొరల కుట్టు, దాన్ని విప్పే వీలే లేదు. మా అమ్మ దాన్ని చేత్తో పిండి చూసి, "ఏటే, ఇది గుడ్డా బొంతా? ఇదెప్పటికి ఆరతాదే?" అంది. ముసురులో నిజంగానే మర్నాటి సాయంత్రానికి కూడా లోపల చెమ్మ తగులుతూనే ఉండేది.

చెమ్మ దగ్గర ఎందుకింత పట్టుబడుతున్నానంటే, పిల్ల తొడల మధ్య ఒరుసుకుపోయి ఎర్రబడటానికి ముఖ్యమైన కారణం తడే. తడి చర్మం త్వరగా ఒరుసుకుంటుంది, దాని మీద మూత్రం, విరేచనం కలిస్తే మంట. మడతల్లో చెమ్మ నిలిస్తే ఫంగస్ పడుతుంది. పైకి ఆరినట్టు కనిపించి వాసన పట్టిన గుడ్డ కట్టడం కంటే పొడి డైపర్ వేయడం వెయ్యి రెట్లు నయం. గుడ్డ మంచిదన్న మాట ఆరిన గుడ్డకే వర్తిస్తుంది.

ఆరబెట్టడంలో నాకు పనికొచ్చినవి కొన్ని చెబుతాను. చేత్తో ఉతికినా సరే, చివర్న వాషింగ్ మెషీన్‌లో స్పిన్ ఒక్కటీ తిప్పండి. పిండిన గుడ్డకీ, స్పిన్ అయిన గుడ్డకీ ఆరే వేళలో సగానికి సగం తేడా ఉంటుంది. గదిలో తాడు కట్టి గుడ్డకీ గుడ్డకీ మధ్య బెత్తెడు ఖాళీ వదిలి, ఫ్యాను గాలి అడ్డంగా తగిలేలా చూడండి, ఉయ్యాల పైన మాత్రం కట్టకండి. చివరి చెమ్మకి ఇస్త్రీపెట్టెని మించింది లేదు. సబ్బు పోయేదాకా జాడించడం ముఖ్యం, డెట్టాల్ వాసన అవసరం లేదు. మేడ మీద రేకుల షెడ్డు ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. అపార్ట్‌మెంటు బాల్కనీలో వాన జల్లు కొట్టే వైపు ఉన్నవాళ్ళు గుడ్డల మీద ఆశ సగం తగ్గించుకోవాలి. కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రం ఒడ్డు ఊళ్ళలో వాన లేని రోజున కూడా గాలిలో తేమ ఎక్కువే, అక్కడ ఇంకో పది గుడ్డలు అదనంగా పెట్టుకోవాలి.

మా మామ్మ కాలంలో కుంపటి మీద గంప బోర్లించి దాని మీద పరిచి ఆరబెట్టేవారు. సాంబ్రాణి కూడా వేస్తే గుడ్డలు ఘుమఘుమలాడేవి. అప్పటి ఇళ్ళకి పెంకుల సందుల్లోంచి పొగ పోయేది. ఇప్పుడు కిటికీలు బిగించిన బాలింత గదిలో బొగ్గులు రాజేయకండి. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, ప్రాణాల మీదికి వస్తుంది.

ఏ గుడ్డ మంచిదంటే, బాగా నలిగిన తెల్ల పంచె. తర్వాత లేత రంగు నూలు చీర. రంగు పోయే చీరలు, సగం పాలియెస్టర్ కలిసినవి పీల్చుకోవు, వద్దు. పొందూరు ఖద్దరు పంచె నలిగితే ఆ మెత్తదనమే వేరు గానీ, ఈ రోజుల్లో అది చింపి లంగోటీ చేసే గుండె ఎవరికుంది!

లంగోటీలో ఇంకో లాభం ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మొదటి వారం దాటాక తల్లిపాలే తాగే పిల్ల రోజుకి ఆరుసార్లైనా మూత్రం పోస్తే పాలు సరిపోతున్నట్టు. "ఎన్నిసార్లు పోస్తోందమ్మా?" అని పిల్లల డాక్టరు అడిగితే గుడ్డలు కట్టే ఇంట్లో అమ్మమ్మ తడుముకోకుండా చెబుతుంది. డైపర్ అయితే మూడుసార్లు పోసిందో, ఒక్కసారి పోసిందో తెలియదు. కొన్నిటి మీద తడిస్తే పసుపు నుంచి నీలంగా మారే గీత ఉంటుంది, తడిసిందని చెబుతుంది గానీ ఎన్నిసార్లో చెప్పదు. అందుకే మొదటి నెల పగటిపూట గుడ్డే కట్టమంటాను.

ఇక డైపర్. లోపల ఉండే పౌడరు తన బరువుకి ఎన్నో రెట్లు నీటిని పట్టుకుని జిగురులా గట్టిపడుతుంది, అందుకే పైపొర పొడిగా ఉంటుంది. రాత్రిపూట దీనికి సాటి లేదు. కార్తీకం చలి మొదలయ్యాక తెల్లవారుజామున తడిసిన గుడ్డలో పిల్ల చల్లబడి ఏడ్చి లేస్తుంది, దాంతోపాటు బాలింతా లేవాలి. నిద్ర లేని తల్లికి ఓపిక తగ్గుతుంది. "మేం మిమ్మల్ని డైపర్లతోనే పెంచామా?" అనే పెద్దవాళ్ళతో వాదించే బదులు రాత్రికి ఒకటి రెండు వేసేయండి. డైపర్ వేస్తే కాళ్ళు వంకరపోతాయన్న భయం అక్కర్లేదు. చంటిపిల్లల కాళ్ళు పుట్టుకతోనే కాస్త వంగి ఉంటాయి, రెండేళ్ళు వచ్చేసరికి చాలామందికి వాటంతటవే సర్దుకుంటాయి.

పగలంతా కూడా డైపరే అంటే అక్కడ నేను ఒప్పుకోను. మూడు నాలుగు గంటలకొకసారి, విరేచనం అయితే వెంటనే మార్చాలి. మన ఇళ్ళలో "ఇంకా బరువెక్కలేదు కదా" అని పొద్దున్న వేసింది మధ్యాహ్నం దాకా ఉంచేస్తారు. సరిగ్గా మారిస్తే రోజుకి ఏడెనిమిది. ఒక్కోటీ పది రూపాయలనుకుంటే నెలకి రెండు వేలు దాటుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి పిల్లల డైపర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కొంత ఊరటే అయినా, రాత్రికి రెండు వాడేవాళ్ళ ఆరువందల ఖర్చుకీ ఈ రెండు వేలకీ పోలిక లేదు.

పారేయడం ఇంకో తలనొప్పి. విరేచనాన్ని మరుగుదొడ్లో దులిపేసి, డైపర్‌ని కాగితంలో గట్టిగా చుట్టి చెత్తబండికి ఇవ్వాలి.  పట్నంలో బండి వస్తుంది. పల్లెల్లో చాలాచోట్ల కాలవలోకో, చెరువు గట్టు మీదికో విసిరేస్తున్నారు. వాన నీటికి అది ఉబ్బి కాలవకి అడ్డం పడితే ఆ మురుగు తిరిగి మన వాకిట్లోకే వస్తుంది. కాల్చడం అసలు వద్దు.

క్లాత్ డైపర్ల గురించి ఎక్కువ చెప్పను. ఎండాకాలంలో, మెషీన్ ఉన్న ఇంట్లో, ఆరేడు నెలల పిల్లకి బాగుంటాయి. చూడ్డానికీ ముచ్చటగా ఉంటాయి. ముసురులో డబ్బు దండగ. ఇప్పటికే కొనేసి ఉంటే పై కవరు మాత్రం ఉంచుకుని, లోపల ప్యాడ్‌కి బదులు మడత పెట్టిన పంచె ముక్క పెట్టండి, పని జరుగుతుంది. గుడ్డ మీద తొడిగే ప్లాస్టిక్ నిక్కర్లు గాలి ఆడనివ్వవు, కొనకండి. రబ్బరు షీటు మీద ఏమీ కట్టకుండా పడుకోబెట్టడం మంచిదే, చర్మానికి గాలి తగులుతుంది. రోజుకి కాసేపు చాలు.

మా ఇంట్లో కుదిరిన పద్ధతి ఇది: పగలు లంగోటీ, రాత్రి డైపర్. ఆసుపత్రికీ, పెళ్ళికీ, సిరిమానోత్సవం నాటి జనంలోకీ డైపర్. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరిగే వేళ మూడు లాంతర్ల దగ్గర చంకలో పిల్లతో నిలబడి లంగోటీ మార్చగలనన్న వాళ్ళుంటే నేను దణ్ణం పెడతాను.

గుడ్డల పక్షాన ఇంత మాట్లాడిన నేను కూడా ఒక్కచోట డైపర్ ప్యాకెట్టే ముందు కొనమంటాను. అది తుపాను కబురు వచ్చినప్పుడు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే తీరం దాటాయి. ఫైలిన్ గోపాలపూర్ దగ్గర, హుద్‌హుద్ విశాఖ దగ్గర, తిత్లీ మన పలాస దగ్గర. తిత్లీ తర్వాత ఉద్దానం ఊళ్ళలో స్తంభాలు కూలి రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే బోరు మోటారు లేదు, మోటారు లేకపోతే ఉతకడానికి నీళ్ళు లేవు. నలభై అయిదు గుడ్డలున్నా నాలుగో రోజుకి అన్నీ మురికివే. వాతావరణ శాఖ ఆరెంజ్ హెచ్చరిక వచ్చిన రోజునే రోజుకి ఎనిమిది చొప్పున వారానికి సరిపడా డైపర్లు, ఒంటికి రాసే జింక్ ఆక్సైడ్ క్రీము, తుడవడానికి పాత గుడ్డ ముక్కలు ఒక సంచిలో కట్టి అటక మీద పెట్టుకోండి. మర్నాటికి కొట్లో పాలూ కొవ్వొత్తులతోపాటు ఇవీ ఉండవు. తుపాను తప్పిపోతే ఎలాగూ రాత్రులకి వాడుకోవచ్చు. కాకపోతే పిల్ల బరువు చూసి సైజు కొనండి, మూడు నెలల ముందు కొన్నది ఇప్పుడు పట్టదు.

కార్తీకం వచ్చాక ఎండ బాగుంటుంది, గుడ్డలు చకచకా ఆరతాయి. సాయంత్రం అయిదు లోపల దండెం మీంచి తీసేయండి, లేకపోతే మంచుకి మళ్ళీ చెమ్మగిల్లుతాయి. ఆరో నెల వచ్చి అన్నప్రాశన అయ్యాక లెక్క మారుతుంది. తడిపే సార్లు తగ్గుతాయి, విరేచనం గట్టిబడి గుడ్డకి పట్టుకుంటుంది, పాకే పిల్లకి లంగోటీ ఊడిపోతుంది. అప్పుడు గుడ్డ నిక్కర్లు వేసి, రోజుకి రెండు మూడుసార్లు కాళ్ళ మీద కూర్చోబెట్టి పోయించడం అలవాటు చేయడమే తేలిక.