లాగ్స్‌తో డ్రైవ్ నిండింది: డిలీట్ చేయాలా, సర్క్యులర్ పెట్టాలా, బ్యాకప్ తీయాలా?

ఒంగోలులో మాది గ్రానైట్ ఎగుమతుల ఆఫీసు. చీమకుర్తి నుంచి కుర్రాళ్లు బ్లాక్ గెలాక్సీ పలకల ఫొటోలు రోజూ మెయిల్‌లోనే పంపుతారు, వాట్సాప్‌లో పెట్టమన్నా వినరు. సోమవారం పొద్దున మా మెయిల్స్ నడిపే మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ సర్వర్‌లో, హెచ్చరికలు నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే పసుపు త్రికోణాలు వరసగా కనిపించాయి. అన్నీ 15004 నంబర్ హెచ్చరికలే. రిసోర్స్ ప్రెషర్ పెరిగిందని, అంటే సర్వర్‌కి డిస్క్ జాగా లాంటివి చాలడం లేదని దానర్థం. ఇంతకుముందు సర్వర్ చూసినాయన మెయిల్ క్యూ, మెయిల్స్ ఉండే డేటాబేస్, లాగ్స్ (డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పునీ ముందుగా రాసుకునే ఫైళ్లు) అన్నీ డి డ్రైవ్‌లోనే పెట్టి వెళ్లాడు. అది కాస్తా నిండిపోయింది. "అన్నా, బయ్యర్‌కి 452 4.3.1 అని వస్తోందంట" అని డాక్యుమెంటేషన్ పిల్లాడు పరుగెత్తుకొచ్చాడు. అది మన సర్వర్ మెయిల్ తీసుకోలేనప్పుడు పంపే తాత్కాలిక ఎర్రర్, అవతలి సర్వర్ మళ్లీ ప్రయత్నిస్తుంది. కాబట్టి టెన్షన్ పడి చెయ్యి జారనివ్వకూడదు.

చెయ్యి జారేది లాగ్ ఫోల్డర్‌లోనే. E00తో మొదలయ్యే ఫైళ్లు, ఒక్కోటి 1 ఎంబీ, వేలల్లో ఉంటాయి. పాతవి సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టాలనిపిస్తుంది. డేటాబేస్‌లోకి ఇంకా ఎక్కనిది ఒక్కటి పోయిందా, ఆ తర్వాత సర్వర్ పడితే డేటాబేస్ మౌంట్ కాదు, అంటే తెరుచుకోదు. అందుకే డిలీట్ అన్న దారి నా లెక్కలోనే లేదు.

సర్క్యులర్ లాగింగ్‌లో, అంటే డేటాబేస్‌లోకి ఎక్కిన లాగ్స్‌ని బ్యాకప్ కోసం ఆగకుండా సర్వరే తీసేసే పద్ధతిలో, పని తేలిక. టిక్ పెట్టి, డేటాబేస్‌ని ఒకసారి డిస్‌మౌంట్ చేసి మౌంట్ చేస్తే పాత లాగ్స్ వాటంతటవే పోతాయి. కానీ ఆదివారం బ్యాకప్ తీసి, గురువారం డేటాబేస్ పాడైతే, లాగ్స్ లేక మధ్యలో వచ్చిన మెయిల్స్ తిరిగిరావు. ఎల్‌సీ (బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) కాగితాలు మెయిల్‌లో తిరిగే ఆఫీసుకి అది కుదరదు. గంటలో డ్రైవ్ ఆగిపోతుందనుకుంటే మాత్రం పెట్టండి, గండం గడవగానే తీసేసి ఫుల్ బ్యాకప్ తీయండి.

నా ఓటు ఫుల్ బ్యాకప్‌కే. అది పూర్తయ్యాక అవసరం లేని లాగ్స్‌ని సర్వరే కత్తిరిస్తుంది. "రోజూ రాత్రి బ్యాకప్ తీస్తూనే ఉన్నాంగా" అన్నారు మావాళ్లు. తీస్తున్నారు, నిజమే. విండోస్ సర్వర్ బ్యాకప్‌లో డీఫాల్ట్‌గా ఉండేది వీఎస్ఎస్ కాపీ బ్యాకప్, అది లాగ్స్ జోలికి పోదు. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఫుల్ అని మార్చాలి. ఇంకో చిక్కేమిటంటే బ్యాకప్ కోసం విండోస్ తీసుకునే తాత్కాలిక నకలు, షాడో కాపీకీ కాస్త ఖాళీ కావాలి. డి డ్రైవ్‌లో మూలన పడి ఉన్న పాత అప్‌డేట్ ఐఎస్ఓ ఫైళ్లు తీసేస్తే మాకు ఆ జాగా దొరికింది.

పెద్ద డిస్క్ కొంటే? కొనొచ్చు, లాగ్స్ దాన్నీ నింపుతాయి.

బ్యాకప్ అయ్యాక ఈవెంట్ వ్యూయర్‌లో 224 నంబర్ ఈవెంట్ కోసం చూడండి, లాగ్స్ కత్తిరించానని చెప్పేది అదే. 225 కనిపిస్తే ఏమీ కత్తిరించలేదని. మాకు రాత్రి పదకొండు దాటాక 224 వచ్చింది. పొద్దునకి బయ్యర్ మెయిల్స్ కూడా దిగాయి, మళ్లీ పలకల ఫొటోలతోనే.