నాలుగేళ్లా, ఒక్క ఏడాదా: కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాడికి ఏది మేలు?

అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్‌లో మెరిసిన ఆటగాడు మొదటి ఏడాది ముగియగానే ఒక నిర్ణయం తీసుకోవలసి వస్తుంది. డిగ్రీ చేతికి వచ్చేదాకా అక్కడే ఆడాలా, లేక ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌బీఏలోని జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌కు పేరు ఇచ్చి వెళ్లిపోవాలా? హైస్కూలు నుంచి నేరుగా వెళ్లే దారి 2006 డ్రాఫ్ట్‌తో మూసుకుపోయింది కనుక, అక్కడి ఆటగాళ్లలో చాలామందికి కనీసం ఒక ఏడాది కాలేజీ తప్పనిసరి మజిలీ అయింది.

ఆగినవారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు టిమ్ డంకన్. వర్జిన్ దీవుల్లోని సెయింట్ క్రోయ్‌లో ఈతగాడిగా ఎదుగుతున్న అతడు, 1989లో హ్యూగో తుఫాను అక్కడి కొలనును ధ్వంసం చేశాక బాస్కెట్‌బాల్ వైపు మళ్లాడు. ఆట ఆలస్యంగా మొదలుపెట్టినందున 1993లో వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయంలో చేరేనాటికి అతడు నేర్చుకోవలసింది చాలా ఉంది. మొదటి ఏడాది మ్యాచ్‌కు సగటున 9.8 పాయింట్లు చేసినవాడు, తర్వాతి మూడేళ్లలో వరుసగా 16.8, 19.1, 20.8కి చేరాడు. మధ్యలోనే వెళ్లిపోయినా డ్రాఫ్ట్‌లో ముందు వరుసలో ఎంపికయ్యేవాడే. కానీ డిగ్రీ పూర్తిచేస్తానని తల్లికి మాట ఇచ్చి ఉన్నాడు. అతడికి 14 ఏళ్లు నిండబోతుండగా ఆమె క్యాన్సర్‌తో కన్నుమూసింది. 1997లో సైకాలజీ డిగ్రీతో బయటికి వచ్చిన డంకన్‌ను శాన్ ఆంటోనియో స్పర్స్ తొలి ఎంపికగా తీసుకుంది. ఆ జట్టుకు అతడు 5 టైటిళ్లు అందించాడు.

కెవిన్ డురాంట్ సంగతి వేరు. 2006–07లో టెక్సాస్ విశ్వవిద్యాలయం తరఫున ఆడిన ఒక్క సీజన్‌లోనే సగటున 25.8 పాయింట్లు, 11.1 రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం) సాధించి, కాలేజీ ఆటలో ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే నేస్మిత్ అవార్డు అందుకున్న తొలి ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది విద్యార్థి) అయ్యాడు. అలాంటివాడికి రెండో ఏడాది కాలేజీ ఆట కొత్తగా నేర్పేది ఏమంత ఉండదు. అతడు వెళ్లాడు, 2008లో ఉత్తమ కొత్త ఆటగాడిగా, 2014లో అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు.

అయితే ఆ 2007 డ్రాఫ్ట్‌లో డురాంట్‌ది రెండో స్థానమే. మొదటి ఎంపిక ఒహాయో స్టేట్‌లో ఒకే ఏడాది ఆడిన గ్రెగ్ ఓడెన్. కొన్ని నెలలకే మోకాలికి శస్త్రచికిత్స జరిగి, తొలి సీజన్ మొత్తం పోయింది. ఎన్‌బీఏలో అతడు ఆడినవి 105 మ్యాచ్‌లే. తొందరపడి వెళ్లినందుకే ఇలా అయిందనడం నా దృష్టిలో అన్యాయం. అదే గాయం కాలేజీలో ఆడుతుండగా తగిలి ఉంటే, అప్పటి నిబంధనల ప్రకారం అతడికి దక్కేది ఉపకార వేతనమే తప్ప ఎన్‌బీఏ కాంట్రాక్టు కాదు. చదువు మాత్రం ఆగినచోటే ఉంది: ఓడెన్ తిరిగి అదే విశ్వవిద్యాలయంలో చేరి 2019లో పట్టా పుచ్చుకున్నాడు. కనుక గాయాల భయాన్ని లెక్కలోకి తీసుకుంటే మొగ్గు వెళ్లిపోవడం వైపే. ఆగడానికి బలమైన కారణం ఆటలో ఇంకా పూడ్చుకోవలసిన లోటు ఉండడమే. డంకన్‌కు అది ఉంది, డురాంట్‌కు లేదు.

2021 జూలై తర్వాత ఈ లెక్క కొంత మారింది. ఆటగాళ్లు తమ పేరు, రూపాల మీద ప్రకటనల ద్వారా సంపాదించుకునే వీలు కలగడంతో, డ్రాఫ్ట్‌లో రెండో రౌండ్‌కు జారిపోయే అవకాశమున్న ఆటగాడు మరో ఏడాది ఆగితే ఇప్పుడు వట్టి చేతులతో మిగలడు. తొలి మూడు స్థానాలు ఖాయమనుకునేవాడికి మాత్రం పాత లెక్కే వర్తిస్తుంది: డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఒక్క ఏడాది ఆడిన కూపర్ ఫ్లాగ్ 2025లో తొలి ఎంపికగా డల్లాస్ జట్టుకు వెళ్లడం సబబైన నిర్ణయమే.

ఈ కొత్త ఆదాయం అందరికీ ఒకేలా అందదు. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లు ఆడి 2023, 2024లలో వరుసగా నేస్మిత్ అవార్డు గెలిచిన జాక్ ఈడీ కెనడా పౌరుడు. విద్యార్థి వీసా షరతుల వల్ల అమెరికా గడ్డపై అతడు సహచరుల్లా ప్రకటనల ఒప్పందాలు చేసుకోలేకపోయాడు. ఆ వీసా మీద చదువుకునే మన పిల్లలకు ఈ ఇబ్బంది విడమరిచి చెప్పనక్కరలేదు. అయినా ఈడీ ఆగాడు, నాలుగో ఏడాది జట్టును జాతీయ ఫైనల్ దాకా తీసుకెళ్లాడు, 2024 డ్రాఫ్ట్‌లో తొమ్మిదో ఎంపికగా మెంఫిస్ జట్టులో చేరాడు. అతడి విషయంలో ఆగడమే మేలైంది.