ఒంటి చేత్తో టిఫిన్: రోల్డ్ ఓట్స్ ప్యాకెట్ వాడాక నా మాట

కుడి మణికట్టు విరిగి పిండికట్టు వేశారు, ఆరు వారాలు పొయ్యి మీద గిన్నె దింపడం కూడా నా వల్ల కాలేదు, అప్పుడు నన్ను ఆదుకుంది ఈ రోల్డ్ ఓట్సే. రాత్రి పడుకునే ముందు 40 గ్రాముల ఓట్స్, మునిగేదాకా పాలు, రెండు చెంచాల పెరుగు, ఒక చెంచా చియా గింజలు వేసి ఫ్రిజ్‌లో పెట్టేస్తే పొద్దున్నకి చిక్కటి జావ రెడీ, స్టవ్ వెలిగించే పనే లేదు. వీటిని తయారీలోనే ఆవిరి పట్టి అదిమేస్తారు కాబట్టి నానితే చాలు. స్టీల్ కట్ ఓట్స్ (అదమకుండా ముక్కలుగా కోసినవి) కూడా ట్రై చేశా, పొద్దున్నకి కూడా గట్టిగానే ఉన్నాయి, ఇన్‌స్టంట్ ఓట్స్ (ఇంకా పల్చగా అదిమినవి) అయితే మరీ బంక బంకగా అయిపోయింది. ఇవి మాత్రం మెత్తబడినా రేకు రేకుగానే తగుల్తాయి, పైన అరటిపండు ఎడమ చేత్తో ఫోర్క్‌తో నొక్కి కలుపుకుంటే చక్కెర కూడా అక్కర్లేదు.

కానీ ప్యాకింగ్ మాత్రం అస్సలు బాలేదు. జిప్ తీయాలంటే రెండు చేతులూ కావాలి, మొదటిరోజు మోకాళ్ల మధ్య పెట్టుకుని లాగితే ఒక్కసారిగా చిరిగి సగం ఓట్స్ నేలపాలు, ఏడుపొచ్చేసింది నిజంగా. తర్వాత ఇంట్లోవాళ్లతో వెడల్పు మూతి డబ్బాలో పోయించుకున్నా, మూత కూడా తిప్పేది కాదు, పైకి ఎత్తేది. 40 గ్రాముల్లో 5 గ్రాముల దాకా ప్రోటీన్, 4 గ్రాముల దాకా పీచు ఉంటాయి, రోజంతా మంచం మీదే ఉన్న నాకు ఆ పీచు చాలా హెల్ప్ అయింది. ఓట్స్‌కి ఐదు స్టార్లు, ప్యాకెట్‌కి రెండే.