గతుకుల బాట మీద మాక్సిస్ ఆర్డెంట్ 29×2.25

హైదరాబాద్ పక్కన గండిపేట వెనక బండ్లబాటల్లో అరగంట తొక్కి చేతులు తిమ్మిరెక్కగానే అందరూ మొదట ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కునే తిట్టుకుంటారు. 100 మిల్లీమీటర్లు కుంగే కాయిల్ (స్ప్రింగు) ఫోర్కు పెద్ద గుంతల్ని బాగానే మింగుతుంది. పిడికిలంత రాళ్లు వరసగా తగులుతుంటే మాత్రం స్ప్రింగు కదిలేలోపే దెబ్బ హ్యాండిల్‌కి చేరిపోతుంది. ఆ చిన్న దెబ్బలు ఆపాల్సింది టైరు, అందులోని గాలి. ఫోర్కు మీద డబ్బు పోసే ముందు మాక్సిస్ ఆర్డెంట్ టైరు (29 అంగుళాల చక్రానికి, 2.25 అంగుళాల వెడల్పు) వేసి చూడండి.

ఆర్డెంట్ మధ్య గుబ్బలు ముందువైపు వాలుగా ఉంటాయి కాబట్టి తారు మీద మరీ ఈడ్చినట్టుండదు. పక్క గుబ్బలు పెద్దవి. గట్టి నేల మీద గులక చల్లినట్టుండే మన మొరం బాటలకి కావాల్సింది ఇవే. సైకిల్‌ని కొంచెం వంచినప్పుడు ఒక్క క్షణం జారుతున్నట్టు అనిపిస్తుంది. మధ్య గుబ్బలకీ పక్క గుబ్బలకీ నడుమ ఉన్న ఖాళీయే దానికి కారణం. అక్కడ బ్రేకు నొక్కకుండా ఇంకాస్త వంచితే పక్క గుబ్బలు నేలని పట్టేస్తాయి. ఈ సంగతి తెలియనివాళ్లు మొదటి మలుపులోనే టైరు బాగాలేదని తేల్చేస్తారు. చేవెళ్ల వైపు నల్లరేగడిలో వాన పడ్డాక చక్రం తిరగదన్నది నిజమే, కానీ ఆ మట్టిలో ఏ టైరు తిరుగుతుంది గనక!

అసలు విషయం గాలి. 70 కిలోల మనిషికి ట్యూబుతో అయితే ముందు 28, వెనక 32 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టొచ్చు. ఇంకా దించితే రాతి అంచుకీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి, పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. ట్యూబ్‌లెస్ చేయిస్తే ముందు 22, వెనక 25 దాకా దించొచ్చు. సుఖమంతా ఆ ఆరేడు పీఎస్‌ఐల్లోనే ఉంది. వెనక రిమ్ము రాయికి టంగుమని తగిలిందా, 2 పెంచండి. పంక్చర్ షాపు మీటర్లని ఇక్కడ నమ్మలేం, చిన్న డిజిటల్ గేజి కొనుక్కోవాలి.

ఈ మోడల్లో అన్నీ ట్యూబ్‌లెస్‌కి పనికిరావు. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద 'టీఆర్' (ట్యూబ్‌లెస్ రెడీ) అని ఉండాలి. రిమ్ము కూడా ట్యూబ్‌లెస్‌కి తగ్గదే కావాలి, లేదంటే మలుపులో అంచు లేచి గాలి బుస్సున పోతుంది. రిమ్ము లోపలి వెడల్పు కన్నా 2, 3 మిల్లీమీటర్లు ఎక్కువున్న టేపుని స్పోకు రంధ్రాలు మూసుకునేలా గట్టిగా లాగుతూ అంటించాలి. స్పోకు రంధ్రం దగ్గర చిన్న ముడత మిగిలినా తెల్లారేసరికి టైరు చప్పబడుతుంది. అంచులకి సబ్బునీళ్లు రాసి, వాల్వు కోర్ (గాలి ఆపే లోపలి ముక్క) తీసేసి, ఫ్లోర్ పంపుతో ఆపకుండా కొట్టాలి. టప్, టప్ అని రెండు శబ్దాలు వస్తే అంచులు కూర్చున్నట్టే. ఆ తర్వాత సిరంజితో చక్రానికి 100 మిల్లీలీటర్ల సీలెంట్ (రంధ్రాలు పూడ్చే ద్రవం) పోసి, కోర్ బిగించి, మళ్లీ గాలి కొట్టాలి. పంపుతో కాకపోతే పంక్చర్ షాపు కంప్రెసర్ ఉండనే ఉంది. అప్పుడు మాత్రం కోర్ ఉంచి, దాని నెత్తిమీది బుల్లి నట్టు వదులు చేసి, షాపు గొట్టం పట్టేలా ఇత్తడి అడాప్టర్ తగిలించాలి. సైడ్‌వాల్ మీద రాసిన గరిష్ఠ పీఎస్‌ఐ దాటనివ్వకండి.

పల్లేరు కాయ గుచ్చుకుంటే పీకేసి, ఆ రంధ్రం కిందికొచ్చేలా చక్రం తిప్పి పట్టుకోండి. తెల్లటి నురగ నాలుగు బుడగలు వేసి ఆగిపోతుంది. సర్కారు తుమ్మ ముల్లు సైడ్‌వాల్లో దిగితే మాత్రం సీలెంట్‌ని నమ్ముకోవద్దు, సంచిలో ఒక ట్యూబు ఉండాల్సిందే.

ఫోర్కు సంగతి రెండు ముక్కల్లో: దాని పై గొట్టానికి జిప్ టై కట్టి, సైకిల్ ఎక్కి కదలకుండా నిలబడితే అది 20 నుంచి 25 మిల్లీమీటర్లు జరగాలి. ఫోర్కు పైనున్న ప్రీలోడ్ నాబ్ ఎంత తిప్పినా స్ప్రింగు మెత్తబడదు, ఆ సాగ్ (మన బరువుకి కుంగే కొలత) మాత్రమే మారుతుంది. అనంతగిరి లాంటి దిగుడులో సీటు ఓ 5 సెంటీమీటర్లు దించి, పెడళ్లు సమానంగా ఉంచి, బరువంతా పాదాల మీద వేయాలి. హ్యాండిల్‌ని పిసికి పట్టుకుంటే ఈ టైరు చేసిన మేలంతా వృథా.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ మీదే తిరిగేవాళ్లకి ఇది దండగ, 23 కిలోమీటర్లూ గుబ్బల హోరు వింటూ తొక్కాలి. మొరం బాట తొక్కేవాళ్లు నిక్షేపంగా కొనొచ్చు, ఒక్కటే కొనేట్టయితే ముందు చక్రానికి వేయాలి. మన ఎండలకి సీలెంట్ తొందరగా ఆరిపోతుంది. వేసవిలో రెండు నెలలకోసారి చక్రం విప్పి చెవి దగ్గర ఊపండి. లోపల నీళ్లు కదిలిన చప్పుడు రాకపోతే మరో 60 మిల్లీలీటర్లు పోయాలి.